పెద్దపేగు పోయినా పొలం వదల్లేదు

ఎండ ఇంకా నెత్తికెక్కలేదు. చేను గట్టున వేపచెట్టు కింద మూడు సీసాలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో ఉప్పేసిన గంజి. ఇంకోదాంట్లో పల్చటి మజ్జిగ. మూడోదాంట్లో మంచినీళ్ళు. మూడింటిలోకీ మంచినీళ్ళ సీసాయే చిన్నది!

అనంతపురం జిల్లాలో పొలం పోయే రైతు ఎవరైనా నీళ్ళ సీసానే పెద్దది పట్టుకుపోతాడు. ఈ రైతు లెక్క వేరు. ఉత్త నీళ్ళు కడుపునిండా తాగితే ఇతని ఒంట్లో నీరు పెరగదు, తగ్గుతుంది. వింతగా ఉన్నా నిజం. 2023 జనవరిలో డాక్టర్లు ఇతని పెద్దపేగు కోసి తీసేశారు. పొట్టకు కుడివైపున, చొక్కా కింద, చిన్న సంచి అతికించి ఉంది. అప్పటి నుంచి మలం వచ్చే దారి అదే.

వయసు 38. ఆరెకరాల మెట్ట. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. పేరూ ఊరూ వేయవద్దని కోరాడు. "మా ఊర్లో అందరికీ తెలుసు. మా చెల్లెలి అత్తగారి ఊర్లోనే కొందరికి ఇంకా తెల్దు" అని నవ్వాడు. ఆ నవ్వు వెనుక ఒక పెళ్ళి కథ ఉంది. ఆ పెళ్ళిలో ఇతని ప్రాణం పోయినంత పనైంది. అది తర్వాత.

మొలలు అనుకున్నారు

2019 వానాకాలంలో మొదలైంది. మలంలో రక్తం, జిగట. రోజుకు నాలుగుసార్లు, ఐదుసార్లు. చెప్పుకోవడానికి సిగ్గు. చెప్పాక ఊళ్ళో తలా ఒక మాట. వేడి చేసిందన్నారు. మొలలన్నారు. పక్క ఊళ్ళో పసరు పోయించుకున్నాడు. ఆర్.ఎం.పి. డాక్టరు జిగట విరేచనాల మాత్రలు ఇచ్చాడు. వారం తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలయ్యేది. ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి.

చివరకు పట్నంలో గొట్టం వేసి పేగు లోపల చూశారు. అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. పెద్దపేగు లోపలి పొర వాచి, ఎర్రబడి, పుండ్లు పడి రక్తం కారే జబ్బు ఇది. కాపలా కాయవలసిన ఒంటి రక్షణ శక్తే తన పేగు మీద తాను తిరగబడడం వల్ల వస్తుంది. అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా అంటదు. మిరపకాయ కారం తిన్నందుకు వచ్చేదీ కాదు, పాపం చేసినందుకు వచ్చేదీ కాదు. చాలామందికి మాత్రలతోనే అదుపులో ఉంటుంది. ఆపరేషన్ దాకా వెళ్ళేది కొద్దిమందే.

ఆ కొద్దిమందిలో ఇతను ఎందుకు చేరాడు? ఒక కారణం అతనే దాచకుండా చెప్పాడు. మాత్రలతో రక్తం ఆగింది. ఏడాదిన్నర బాగున్నాడు. బాగున్నవాడికి మాత్రలెందుకని మానేశాడు. నెలనెలా మందుల ఖర్చు కూడా కలిసివస్తుందనుకున్నాడు. జబ్బు ఆరలేదు, బూడిద కింద నిప్పులా ఉండిపోయింది. మందులు మానకుండా వాడినవారిలోనూ కొందరికి ఇది ముదురుతుంది. మానేసినవారికి తిరగబెట్టే అవకాశం మరీ ఎక్కువ.

2022 డిసెంబరు చివర్లో జ్వరంతో తిరగబెట్టింది. రోజుకు పదిహేనుసార్లకు పైగా పోయేది, అంతా రక్తమే. 62 కిలోల మనిషి 44కు దిగాడు. పెద్దాసుపత్రిలో ఐదు రోజులు నరానికి స్టెరాయిడ్ మందు ఎక్కించారు. తగ్గలేదు. పొట్ట ఉబ్బింది. పేగు ఏ క్షణాన్నైనా చిల్లు పడవచ్చు, పడితే మనిషి దక్కడం కష్టమని సర్జను చెప్పాడు. తమ్ముడు, ఊరి కుర్రాళ్ళు ఇద్దరు రక్తం ఇచ్చారు. కాగితం మీద భార్య వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. ఏడో తరగతి చదివింది. సంతకం పెట్టేటప్పుడు తన పేరులో ఒక అక్షరం మరిచిపోయానని ఇప్పుడు చెబుతుంది.

అది పుండు కాదన్నా, నీ పేగే

మనిషి పెద్దపేగు సుమారు ఐదడుగులు. మలద్వారం దగ్గరి కొద్ది భాగం వదిలి తక్కినదంతా తీసేశారు. చిన్నపేగు చివరను పొట్ట గోడలోంచి బయటికి తెచ్చి, చొక్కా చెయ్యి మడిచినట్టు మడిచి కుట్టారు. దీన్ని స్టోమా అంటారు. ఎర్రగా, తడిగా, వేలి కొసంత బయటికి పొడుచుకుని ఉంటుంది. బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయన్ బ్రూక్ 1952లో ప్రకటించిన పద్ధతి ఇది. అంతకు ముందు పేగు కొసను అలా మడిచేవారు కాదు. కొస వాచి, మూసుకుపోయి రోగులు నరకం చూసేవారు. కొస ముక్కులా ముందుకు ఉంటే లోపలి రసం చర్మం మీద పడకుండా నేరుగా సంచిలో పడుతుంది. ఇంత చిన్న మడత ఎన్ని వేల ప్రాణాలకు సుఖమిచ్చిందో!

నాలుగు రోజులు ఇతను ఆ వైపు చూడలేదు. కట్టు మార్చేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. ఐదో రోజు నర్సు వదల్లేదు.

"అన్నా, అది పుండు కాదు, నీ పేగే. మన నోట్లో ఎట్లుంటుందో ఇదీ అట్లే ఎర్రగా ఉంటుంది. ముట్టుకో, నొప్పి ఉండదు."

ముట్టుకున్నాడు. నిజంగానే నొప్పి లేదు. స్టోమాకు మన చర్మానికున్నట్టు నొప్పి తెలిసే నరాలు ఉండవు. తుడిచేటప్పుడు ఒక చుక్క రక్తం కనిపించినా భయపడనక్కర్లేదు, పళ్ళు తోమితే చిగురు నుంచి వచ్చినట్టే. అదే రంగు నల్లబడితే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

సంచి మార్చడం నర్సు దగ్గర నేర్చుకున్నది భార్య. "అక్కా, మూడో వంతు నిండగానే వంచేయాలి. నిండేదాకా ఉంటే బరువుకు ఊడిపోతుంది" అని ఆ నర్సు పదిసార్లు చెప్పిందట. రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు వంచడం, రెండు మూడు రోజులకోసారి మొత్తం మార్చడం. మార్చేముందు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, చర్మం బాగా ఆరాక అతికించాలి. స్టోమా మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు క్రమంగా చిన్నదవుతుంది. కాబట్టి సంచి అంచుకు కత్తిరించే రంధ్రాన్నీ తగ్గించుకుంటూ రావాలి. రంధ్రం పెద్దదైతే చిన్నపేగు రసం చర్మం మీద పడి కాలుతుంది. అన్నాన్ని అరిగించే రసమది, చర్మాన్ని ఊరికే వదులుతుందా? ఇంటికొచ్చిన మూడో వారంలో ఇతనికి అదే జరిగింది. పాత కొలతతోనే కత్తిరిస్తూ పోయారు. చర్మం ఎర్రబారి, చెమ్మ ఊరి, సంచి నిలవక రాత్రిళ్ళు పక్క తడిసిపోయేది. అట్టముక్క మీద కొత్త కొలత గీసుకున్నాక గానీ సర్దుకోలేదు. ఆ అట్టముక్క ఇప్పటికీ అద్దం వెనుక ఉంది.

ఒంటికి అతుక్కునే ఈ సంచిని 1954లో డెన్మార్కులో ఎలీస్ సోరెన్‌సన్ అనే నర్సు ఆలోచించింది. ఆమె అక్కచెల్లెళ్ళలో ఒకరికి ఇలాంటి ఆపరేషనే అయింది. ఎక్కడ కారుతుందోనని ఆ పిల్ల గడప దాటేది కాదు. నర్సు ఊహ తర్వాత కంపెనీ సరుకై ప్రపంచమంతా తిరిగింది. మన మండలాల్లోని మందుల షాపులకు మాత్రం ఇంకా సరిగా చేరలేదు. పట్నం నుంచి తెచ్చుకోవాలి. ఒక్కోటి వందల రూపాయలు. ఆపరేషన్ ఖర్చు సర్కారు పథకం కింద పోయినా సంచులకు ఈ కుటుంబం తన చేతి డబ్బే పెడుతోంది. పథకంలో ఏది వస్తుంది, ఏది రాదు అన్నది ఆసుపత్రిలో చేరిన రోజే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవడం మేలు. ఎండకు సంచి జిగురు మెత్తబడుతుంది. అందుకని వీళ్ళింట్లో సంచుల డబ్బా నీళ్ళకుండ పక్కన నీడలో ఉంటుంది. ఈ ఉపాయం ముసలమ్మది.

వేరుశనగ పండించి... తినకుండా

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు మెత్తటి తిండే. ముద్దగా వండిన అన్నం, పప్పు నీళ్ళు, పెరుగు, ఉడకబెట్టిన ఆలుగడ్డ, అరటిపండు, సగ్గుబియ్యం జావ. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. పీచు ఉన్నవి, తొక్క ఉన్నవి అప్పుడే వద్దు. స్టోమా చుట్టూ వాపు ఉన్నన్నాళ్ళు నమలని ముక్క ఏదైనా అడ్డం పడుతుంది. ఆ తర్వాత ఒక్కో పదార్థం కొంచెం కొంచెంగా మొదలుపెట్టి చూసుకోవాలి. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు.

అడ్డం పడే వాటిలో ముందు వరుసలో ఉన్నవి ఏవో తెలుసా? వేరుశనగలు! తర్వాత మొక్కజొన్న, పచ్చికొబ్బరి, పుట్టగొడుగులు, బత్తాయి తొనల మీది పీచు. చెనక్కాయ పండించే జిల్లాలో, చెనక్కాయ రైతుకు డాక్టరు చెనక్కాయ వద్దన్నాడు. ఊరుబిండి లేకుండా సంకటి ఎట్ల దిగుతుందని తల్లి దిగులుపడింది. ఒకరోజు కళ్ళం దగ్గర నలుగురితో కూర్చుని ఉడకబెట్టిన కాయలు గుప్పెడు తిన్నాడు. సాయంత్రానికి సంచిలోకి ఏమీ రాలేదు. పొట్ట మెలిపెట్టి నొప్పి, వాంతి. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి నరానికి నీళ్ళెక్కిస్తే తెల్లారేసరికి దానంతట అదే వదిలింది. ఇలాంటప్పుడు తెలిసీ తెలియక విరేచనాల మందు వేయడం ప్రమాదం. పెద్దపేగు లేనివారికి విరేచనాల మందు ఎప్పుడూ ఇవ్వకూడదని డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు.

ఇప్పుడు ఊరుబిండి తింటాడు. కాయలు మెత్తగా, పిండిలా నూరాలి. రెండు వేళ్ళకు అంటినంత, అంతే. సంకటి పల్చగా చేసుకుంటాడు. రాత్రి అన్నం ఏడింటికల్లా అయిపోవాలి, లేకపోతే నడిరాత్రి సంచి కోసం లేవాలి.

ఇంకొక సంగతి ఎవరూ ముందు చెప్పరు, చెప్పకపోతే మనిషి బెదిరిపోతాడు. మలం పొట్ట నుంచి వస్తున్నా, కింద మిగిల్చిన ముక్కలోంచి అప్పుడప్పుడు జిగట, కొంచెం రక్తం వస్తాయి. ఇతను మొదటిసారి చూసి ఆపరేషన్ పాడైపోయిందని ఏడ్చాడట. పాడవలేదు. ఆ ముక్కలో జబ్బు ఇంకా ఉంది, అంతే. దాన్ని డాక్టరు చెప్పిన గడువుకల్లా చూపించుకుంటూ ఉండాలి. ఏళ్ళు గడిచేకొద్దీ అందులో క్యాన్సరు పుట్టే భయం ఉంటుంది. స్టెరాయిడ్ మాత్రలను కూడా, పేగు తీసేశారు కదా అని ఒక్కసారిగా ఆపేయరాదు. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

పీటల మీద పెళ్ళికొడుకు కాళ్ళు కడిగి...

2023 మే నెల. చెల్లెలి పెళ్ళి. తండ్రి లేడు. కన్యాదానం చేయవలసింది అన్నావదినలే. ఆపరేషన్ అయి నాలుగు నెలలు. మగపెళ్ళివారికి సంచి సంగతి చెప్పలేదు. జబ్బు వంశంలో ఉందని సంబంధం వదిలేస్తారేమోనని భయం. అయినవారు కూడా నోరు మెదపలేదు.

ముహూర్తం తెల్లవారుజామున మూడు దాటాక. కన్యాదాతకు ఉపవాసం ఆచారం. దానికి ఇతని భయం తోడైంది. పీటల మీద ఉండగా సంచి నిండితే? పట్టుపంచె కింద ఉబ్బెత్తుగా కనిపిస్తే? చప్పుడైతే? ముందురోజు మధ్యాహ్నం నుంచే అన్నం మానేశాడు. నీళ్ళు రెండు లోటాలు. తినకపోతే రాదనుకున్నాడు.

తినకపోయినా వస్తుంది. చిన్నపేగు తనంతట తానే రసాలు ఊరుస్తుంది. పెద్దపేగు ఉన్నవారికి రోజుకు సుమారు లీటరున్నర నీరు దాంట్లోకి దిగుతుంది, అందులో ఎక్కువ భాగాన్ని అది పీల్చి ఒంటికి తిరిగి ఇస్తుంది. నీరే కాదు, ఉప్పునూ. పెద్దపేగు పోతే ఆ పొదుపు పోయినట్టే. నెలలు గడిచేకొద్దీ చిన్నపేగు కొంత నేర్చుకుంటుంది. సంచిలోకి రోజుకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రావడం మామూలు స్థితి. లీటరున్నర దాటితే ఒళ్ళు ఎండడం మొదలవుతుంది.

పెళ్ళి జరిగిపోయింది. కాళ్ళు కడిగాడు, చెల్లెలి చేయి పట్టి అప్పగించాడు. సంచి సంగతి ఎవరికీ తెలియలేదు. తెల్లారాక పిక్కలు పట్టేశాయి. నాలుక పిడచకట్టింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. అప్పగింతల దగ్గర కూలబడిపోయాడు. అందరూ ఉపవాసమన్నారు, ఎండదెబ్బ అన్నారు. మంచి ఉద్దేశంతోనే చెంబుల కొద్దీ నీళ్ళు తాగించారు. సోడా తాగించారు. కొబ్బరినీళ్ళు తెచ్చారు. తాగినకొద్దీ సంచి ధారగా నిండింది. రెండో రోజుకు ఒంటికి పోవడం నిలిచిపోయింది.

పట్నంలో రక్తపరీక్ష చేసి కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఆరు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. అదృష్టం, కిడ్నీలు మళ్ళీ తేరుకున్నాయి.

"నీళ్ళు బాగా తాగినాం కదా సార్" అని భార్య అడిగిందట.

"నీళ్ళు తాపినారమ్మా, ఉప్పు ఎవరు పెట్టినారు?" అన్నాడట డాక్టరు.

మొదటి ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఈ ముక్క రాసే ఉంది, ఇంగ్లీషులో. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేవారు లేరు. ఐదడుగుల పేగు కోసి తీసేంత పనితనం ఉన్నచోట రెండు వాక్యాలు తెలుగులో చెప్పేవారు కరువయ్యారు.

ఉప్పూ గంజీ

ఉత్త నీళ్ళు ఎందుకు చేటు చేశాయి? చిన్నపేగు పైభాగపు గోడ జల్లెడలాంటిది. ఉప్పు లేని నీళ్ళు అక్కడికి చేరితే, ఒంట్లోని ఉప్పు గోడలోంచి ఆ నీళ్ళలోకి కారుతుంది. కింద పెద్దపేగు ఉంటే దాన్ని తిరిగి పట్టుకుంటుంది. లేదు కాబట్టి ఉప్పు, నీరు రెండూ సంచి పాలవుతాయి. సంచి ధారగా నిండే రోజుల్లో ఎన్ని నీళ్ళు తాగితే అంత నష్టం. కొబ్బరినీళ్ళలోనూ ఉప్పు తక్కువే.

అదే నీళ్ళలో ఉప్పుతో పాటు కొంచెం చక్కెరో, గంజిలోని పిండిపదార్థమో ఉంటే లెక్క తిరగబడుతుంది. చక్కెర పేగు గోడ దాటుతూ ఉప్పును చేయిపట్టి లోపలికి తీసుకుపోతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మర్మమంతా ఇదే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, కలకత్తా డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు చక్కెర నీళ్ళను డ్రమ్ముల్లో కలిపి జనానికి తాగించి ప్రాణాలు నిలబెట్టాడు. ఆయన 2022లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. కలరాకు పనికొచ్చిన ఆ నీళ్ళే పెద్దపేగు లేనివారికి నిత్యం పనికొస్తున్నాయి.

ఆశా కార్యకర్త దగ్గర ప్యాకెట్లు దొరుకుతాయి. ఒక పెద్ద ప్యాకెట్‌కు ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు. తక్కువ నీళ్ళలో చిక్కగా కలపవద్దు, కలిపింది మరునాటికి ఉంచవద్దు. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్ళలో టీ చెంచాతో తలగొట్టి ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. ఉప్పు అంతకు మించరాదు. ఇవన్నీ పెద్దపేగు తీసేసినవారి సంగతి. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఉప్పు ఎంతన్నది తమ డాక్టరునడిగే తేల్చుకోవాలి.

ఇంట్లో మాత్రం ముసలమ్మ దీన్ని తన పద్ధతిలోకి మార్చుకుంది. పొద్దున అన్నం వార్చిన గంజి పారబోయదు. ఉప్పు వేసి, చల్లార్చి కొడుకు సీసాలో పోస్తుంది. "మా కాలంలో కూలికి పోయేవాళ్ళంతా తాగిందే కదా నాయనా, దీనికి డాక్టరు చెప్పల్లా?" అంటుంది. కుక్కర్లు వచ్చాక గంజి వార్చడమే పోయిందని ఆమె ఫిర్యాదు. కొడుకు కోసం కుక్కరు అటక మీదికి ఎక్కింది.

మూత్రం రంగు చూసుకోవడం ఇతనికి అలవాటైంది. ముదురు పసుపైతే ఆ పూట పొలం లేదు. సంచి మరీ పల్చగా, తరచూ నిండితే డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటాడు. వాంతి అయితే, ఆరేడు గంటలు ఒంటికి రాకపోతే ఎవరినీ అడగకుండా ఆటో ఎక్కుతాడు. ఇంతకు తక్కువ జాగ్రత్తతో మే నెల దాటలేమని తెలిసొచ్చింది.

మైల ఏముందమ్మా

ఆసుపత్రి నుంచి వచ్చాక దాచడం మానేశారు. మొదట చెప్పింది తల్లే, అదీ పెళ్ళి చేయించిన పురోహితుడికి. సంచి కట్టుకుని పీటల మీద కూర్చున్నాడు, దోషమేమైనా తగులుతుందేమోనని ఆమె మనసు పీకుతూ ఉండేది. ఆయన విని ఇలా అన్నాడట: "దాన్లో మైల ఏముందమ్మా? అందరి కడుపులోనూ ఉండేదే కదా. ముందే చెప్పింటే మజ్జిగ తాగి కూర్చోమని నేనే చెప్తుంటిని."

చెల్లెలి భర్తకు సంక్రాంతికి చెప్పారు. అతను కోపగించుకున్నది సంచికి కాదు, దాచినందుకు. "ఆ పొద్దు నీకేమన్నా అయ్యింటే మా పెళ్ళిరోజు ఏమయ్యేది బావా?" అన్నాడు. అంతటితో ఆ మాట ముగిసింది.

తర్వాత ఒక విచిత్రం జరిగింది. పక్క మండలం నుంచి ఒక తల్లి వెతుక్కుంటూ వచ్చింది. కూతురు డిగ్రీ చదువుతోంది, అదే జబ్బు, అదే ఆపరేషన్. పిల్ల కాలేజీ మానేసి గదిలో తలుపేసుకుంది. పెళ్ళి కాదని తల్లికి దిగులు. ఈ రైతు భార్య ఆ తల్లిని లోపలికి తీసుకుపోయి గంటసేపు మాట్లాడింది. సంచి ఉన్నవాళ్ళు కాపురం చేయవచ్చు, పిల్లల్ని కనవచ్చు. ఇది డాక్టర్లు చెప్పేదే. కానీ డాక్టరు చెప్పడం వేరు, సంచి మార్చే చేతులతో ఒక ఆడమనిషి చెప్పడం వేరు. వెళ్ళేటప్పుడు ఆమె అట్టముక్క కొలత ఎలా గీయాలో రాసుకుపోయింది. పిల్ల మళ్ళీ కాలేజీకి పోతోందని ఆర్నెల్లకు కబురొచ్చింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో ఇదే జబ్బుకు ఇదే ఆపరేషన్ అయిన నార్మా గిల్ అనే గృహిణిని, 1958లో సర్జన్ టర్న్‌బుల్ తన రోగులకు నేర్పే పనిలో పెట్టాడు. సంచి సంరక్షణ చెప్పే నర్సుల వృత్తి అక్కడి నుంచే పుట్టింది. ఈ ఇంటి గడపలో జరిగిందీ అదే పని, జీతం ఒక్కటే లేదు.

ఇంకో ఆపరేషన్ ఉంది గానీ...

సంచి శాశ్వతమా? ఇతని విషయంలో కానక్కర్లేదు. మిగిల్చిన ముక్కను తీసేసి, చిన్నపేగు చివరను మడిచి తిత్తిలా కుట్టి మలద్వారానికి కలపవచ్చు. లండన్ సర్జన్లు పార్క్స్, నికల్స్ 1978లో ఈ తిత్తి సంగతి ప్రకటించారు. 1980లో జపాన్ సర్జన్ ఉట్సునోమియా దానికి ఇంగ్లీషు 'జె' అక్షరం ఆకారం ఇచ్చాడు. ఇప్పుడు ఎక్కువగా అదే చేస్తున్నారు. మామూలుగా ఇంకో రెండు విడతల కోత పడుతుంది. సంచి పోతుంది. కానీ రోజుకు నాలుగు నుంచి ఎనిమిదిసార్లు పోవలసి ఉంటుంది, రాత్రి కూడా లేవాలి. తిత్తి వాచి మళ్ళీ మందులు వాడవలసినవారూ తక్కువేమీ కాదు. పిల్లలు కావలసిన ఆడవారికి ఈ కోత వల్ల కాన్పు నిలవడం కష్టం కావచ్చు, ముందే అడిగి తెలుసుకోవాలి.

సర్జను అన్నీ వివరించి ఇష్టం నీదే అన్నాడు. ఇతను అడిగింది ఒకే ప్రశ్న: "నడిచేన్లో ఉన్నప్పుడు ఆపుకోవచ్చునా సార్?" కొన్నాళ్ళకు చాలామంది ఆపుకోగలరు, మొదట్లో కష్టమే అని జవాబొచ్చింది. ఇతను ఇంకా తేల్చుకోలేదు. భార్య చేయించమంటుంది, తల్లి వద్దంటుంది. ఇద్దరి మాటా వింటాడు.

మూట ఎత్తని రైతు

మూటలు ఎత్తడం మొదటి మూడు నెలలు పూర్తిగా వద్దన్నారు. ఆ తర్వాతా జాగ్రత్తే. పొట్ట గోడలో పేగు కోసం చేసిన దారి బలహీనంగా ఉంటుంది, బరువెత్తితే దాని పక్కనుంచి పేగు ఉబికి గిలక దిగుతుంది. ఒకప్పుడు కాయల మూట భుజాన వేసుకుని కళ్ళం నుంచి ట్రాక్టరు దాకా ఆగకుండా పోయే మనిషికి ఇదే అన్నిటికంటే కష్టంగా తోచింది. ఊరి కుర్రాళ్ళు "మామా, నువ్వు లెక్క రాసుకో, మూటలు మేమెత్తుతాం" అన్నప్పుడు మొదట్లో ముఖం చిన్నబోయేదట. ఇప్పుడు నడుముకు వెడల్పాటి బెల్టు బిగించి గొర్రు వెంట నడుస్తాడు, విత్తనం చూస్తాడు, కలుపు తీయిస్తాడు. కూర్చుని చేసే పని ఏదీ వదలడు. 44కు దిగిన బరువు 58కి వచ్చింది.

2024 జూన్‌లో తొలకరి పడ్డాక వేరుశనగ విత్తనానికి మళ్ళీ చేనులో దిగాడు. ఆపరేషన్ అయిన ఏడాది పొలం కౌలుకిచ్చాడు, ఇది సొంతంగా వేసిన మొదటి పంట. పదకొండు గంటలకు ట్రాక్టరు ఆగింది. కూలీలు నీళ్ళ డ్రమ్ము వైపు నడిచారు. ఇతను చెట్టు చాటుకు పోయి సంచి వంచుకుని, చేతులు కడుక్కుని వచ్చాడు.

"అబ్బీ, నీళ్ళు తాగవా?" అన్నాడు ఊరికి కొత్తగా వచ్చిన ట్రాక్టరు డ్రైవరు, తన సీసా చాపుతూ.

"నాది ఉప్పు ఖాతా అన్నా" అని, ఇతను గంజి సీసా మూత తిప్పాడు.